శాంపిల్ గది

దుప్పటి మడతపెట్టడం ఇద్దరు చేసే పని. మనందరం ఇళ్ళలో చేసిందే. చెరో అంచు పట్టుకుని దూరంగా జరిగి, ఒకసారి గట్టిగా దులిపి, మూలకు మూల కలిపి ఎదురెదురుగా నడిచివస్తాం. ఒకరి చేతిలోని మూలలు రెండోవారికి అందించి, కిందికి జారిన మడతను పట్టుకుని మళ్ళీ వెనక్కి జరుగుతాం. చిన్నప్పుడు అమ్మతోనో అక్కతోనో ఆ పని చేస్తూ నవ్వుకోనివాళ్ళు ఉండరు. అంత అమాయకమైన పనిని అడ్డం పెట్టుకుని ఒక ఆడమనిషికి రోజూ నరకం చూపించవచ్చునంటే నమ్మబుద్ధి కాదు. కానీ నేను చెప్పబోయేది ఆ సంగతే.

అది ఆసుపత్రులకూ హోటళ్ళకూ బట్టలు ఉతికి ఇచ్చే పెద్ద లాండ్రీ. ముందు ఉతికే మెషీన్లు, వాటి వెనక ఆరబెట్టే డ్రమ్ములు, ఆ తర్వాత వేడి రోలర్ల మధ్య నుంచి దుప్పట్లను లాగి ఇస్త్రీ చేసే పొడవాటి యంత్రం. హాలు చివర మడత బల్లలు. అక్కడ పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఇద్దరిద్దరు చొప్పున నిలబడి రోజంతా దుప్పట్లు మడతపెడుతూనే ఉంటారు. ఆవిరికి గోడలు కూడా చెమటలు పడుతుంటాయి. పక్కమనిషికి మాట వినపడాలంటే గొంతు పెంచాల్సిందే.

ఆ బల్లల దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న పెద్దావిడను అందరూ మడతక్క అంటారు. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. ఆమె మడతపెట్టిన దుప్పట్ల దొంతర పక్కన స్కేలు పెట్టి చూసినా తేడా దొరకదు. నోటికి మాత్రం అంత కుదురు లేదు. ఇస్త్రీ యంత్రం మొరాయిస్తే పనికిమాలిన అల్లుడిని తిట్టినట్టు తిట్టిపోస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేది ఆమే, చెయ్యి కాలితే మందు రాసేది ఆమే, ఎవరింట్లో ఏ గొడవ జరిగినా తీర్పు చెప్పేదీ ఆమే.

నాలుగు నెలల కిందట ఆ బల్లల దగ్గరికి ఒక కొత్త మనిషి వచ్చింది. "ఇన్నాళ్ళకి నా ఎత్తుకి సరిపడే మనిషి దొరికింది" అని మడతక్క మొదటిరోజే మురిసిపోయి, ఆమెకు పొడుగమ్మాయి అని పేరు పెట్టేసింది. పెద్ద మంచాల దుప్పట్లకు పొడుగు మనుషులే కావాలి. పొట్టివాళ్ళు పట్టుకుంటే మధ్యభాగం నేలకు తగిలి మళ్ళీ ఉతుక్కి వెళుతుంది. పొడుగమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. పెళ్ళయిన దగ్గర నుంచీ మంచాన పడ్డ అత్తగారికి సేవ చేయడంతోనే ఆరేళ్ళు గడిచిపోయాయి. ఆవిడ పోయాక మొట్టమొదటిసారి గడప దాటి ఒక పనిలో చేరింది. మడత దొంతర ఎత్తుగా లేస్తుంటే ఆమెకు తానే ఎదుగుతున్నట్టు ఉండేది.

ఆరు నెలలు పరీక్షాకాలం. అది పూర్తయ్యాక సూపర్‌వైజరు రాసే రిపోర్టును బట్టి పర్మనెంటు చేస్తారు, లేదంటే ఇంటికి పంపేస్తారు. పొడుగమ్మాయి ఆ రిపోర్టు కోసం రోజులు లెక్కపెట్టుకుంటోంది.

సూపర్‌వైజరు చెడ్డవాడని అక్కడ ఎవరూ అనరు. అడిగితే సెలవిస్తాడు. పండిన తల, మర్యాదైన పలకరింపు, ఎవరింట్లో ఎవరికి జ్వరమో గుర్తుపెట్టుకుని అడుగుతాడు. కంపెనీ టీ చల్లారిపోయి వస్తే తన డబ్బుతో అందరికీ వేడి టీ తెప్పిస్తాడు. చెడ్డపని చేసేవాడికి మొహం మీద రాసి ఉంటుందనుకోవడం మన భ్రమ. అలా రాసి ఉంటే లోకంలో ఆడవాళ్ళకు ఇన్ని కష్టాలుండేవి కావు.

ప్రతి లోడు తయారవగానే అందులోంచి కొన్ని దుప్పట్లు తీసి, హాలు పక్కనున్న చిన్న గదిలో విప్పి, మరకలూ చిరుగులూ చూసి మళ్ళీ మడతపెట్టాలి. దాన్ని శాంపిల్ గది అంటారు. విప్పిన దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి కదా. ఒకరు సూపర్‌వైజరు. రెండోవారు ఎవరన్నది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు గానీ, పదకొండేళ్ళుగా ఒకటే పద్ధతి నడుస్తోంది. బల్లల దగ్గర అందరికంటే కొత్తగా చేరినవాళ్ళే ఆ గదికి వెళతారు. "పని తొందరగా వస్తుంది" అని దానికి ఒక కారణం కూడా చెబుతారు.

మూలలు అందించడానికి ఎదురుగా వచ్చినప్పుడు అతని వేళ్ళు ఆమె వేళ్ళ మీద ఆగిపోయేవి. మొదటివారం పొరపాటనుకుంది. రెండోవారానికి ఆ వేళ్ళు మణికట్టు దాకా వచ్చాయి. తర్వాత మాటలు మొదలయ్యాయి. ఆమె నడుము మీద ఒక మాట, ఆమె మొగుడి మీద ఒక వెకిలి జోకు. ఒకరోజు దుప్పటిని ఆమె మెడ వెనక నుంచి వేసి రెండు అంచులూ పట్టుకుని దగ్గరికి లాగాడు, చాలా సరదా పని చేసినట్టు నవ్వాడు. ఆమె దుప్పటి కింద నుంచి తల తప్పించుకుంది. ఇలా వద్దు సార్ అని ఎలాగో నోరు పెగుల్చుకుని చెప్పింది.

అతను నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "దుప్పటి మడతపెడుతుంటే చేతులు తగలకుండా ఎలా ఉంటాయమ్మా? నీ మనసులోనే ఏదో ఉన్నట్టుంది."

ఆ మాటతో నేరం ఆమె మీదికి తిరిగిపోయింది. నిజంగానే తానే తప్పుగా అనుకుంటోందా అని ఆమె రెండు రోజులు తన్ను తానే ప్రశ్నించుకుంది. వేధించేవాళ్ళ బలం చేతుల్లో కంటే ఇలాంటి మాటల్లోనే ఎక్కువ ఉంటుంది.

చివరికి మడతక్క దగ్గర నోరు విప్పింది. మడతక్క ఆశ్చర్యపోలేదు. చుట్టూ చూసి, ఆమెను ట్రాలీల వెనక్కి తీసుకెళ్ళి ఒక చిట్కా నేర్పింది. ఒక మూలను గడ్డం కింద ఇరికించుకుని, దుప్పటిని బల్ల అంచుకు పొట్టతో నొక్కిపట్టి, రెండో మనిషి అవసరం లేకుండా ఒక్కతే మడతపెట్టుకోవడం. "'మీరు మరకలు చూసుకోండి సార్, మడత నేను చూసుకుంటాను' అని చెప్పు. ఈ ఆరు నెలలు ఓర్చుకో అమ్మాయ్. ఈలోగా ఇంకో కొత్తమ్మాయి రాకపోదు" అంది.

పొడుగమ్మాయికి కళ్ళు చెమర్చాయి. కన్నతల్లి కూడా ఇంత దారి చూపదనుకుంది. ఆ చివరి మాట ఇద్దరికీ ఓదార్పుగానే వినిపించింది. ఇంకో కొత్తమ్మాయి రావడమంటే ఏమిటో, వచ్చి ఏ గదిలోకి వెళుతుందో ఆ క్షణాన ఇద్దరికీ తట్టలేదు.

చిట్కా బాగానే పనిచేసింది. మర్నాటి నుంచీ ఆమె గడ్డం కింద మూల ఇరికించుకుని, చకచకా మడతపెట్టి బయటపడేది. సూపర్‌వైజరు అదంతా చూశాడు. నవ్వి ఊరుకున్నాడు. కానీ ఒక్కరే మడతపెట్టిన పెద్ద దుప్పటికి ఎంత నేర్పున్నా ఒక మూల వేలెడు పక్కకు పోతుంది. అతను స్కేలు తెచ్చి కొలిచి, పని సరిగా లేదని రెండు ప్రతుల్లో చీటీ రాసి, ఒకటి ఆమెకిచ్చాడు: మూలలు కలవలేదు. రెండో రోజు ఇంకో చీటీ. మూడు వారాల్లో పదిహేడు చీటీలయ్యాయి. ఒక సాయంత్రం ఆ చీటీల కట్టను బల్ల మీద తట్టుకుంటూ, "ఇన్ని తప్పులుంటే రిపోర్టు ఎలా రాయను చెప్పు? సర్దుకుపోయే మనిషైతే నేనూ సర్దుకుపోతాను" అన్నాడు.

ఆ ఆదివారం ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగింది. పొడుగమ్మాయి వరండాలో ఆరిన దుప్పటి తీస్తుంటే భర్త అలవాటుగా రెండో అంచు పట్టుకున్నాడు. అతనికి మడతపెట్టడం రాదు. ఎప్పుడూ మూల తప్పు మూలకు కలుపుతాడు, ఆమె విసుక్కుంటుంది, అదొక ఆట వాళ్ళకి. ఆరోజు నవ్వుతూ ఎదురుగా నడిచివచ్చి మూలలు అందించబోయేసరికి ఆమె దుప్పటి వదిలేసి గోడకు అతుక్కుపోయింది.

అతను అక్కడే ఆగిపోయాడు. నలుగురితో తిరిగే మనిషి, అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎవరని మాత్రమే అడిగాడు. ఆమె చెప్పింది. అతను రేపే వెళ్ళి వాడి సంగతి చూస్తానన్నాడు, తర్వాత కోపం దిగాక ఆ పని మానేయమన్నాడు. మనకు ఈ అవమానాలు అవసరమా అన్నాడు. ప్రేమతో అన్నమాటే అది. ఆమెకూ అదే నయమనిపించింది.

సోమవారం పొద్దున్నే ఏప్రన్ చక్కగా మడిచి, దాని మీద తనకిచ్చిన చీటీల ప్రతులు పెట్టి మడతక్క చేతికిచ్చింది. ఇక రానని చెప్పింది. మడతక్క బతిమాలబోయి, పైనున్న చీటీ చూసి ఆగింది. రెండోది చూసింది. మూడోది చూసింది. అన్నిటి మీదా ఒకే మాట.

"ఇవాళ ఒక్కపూట ఉండు. మధ్యాహ్నం దాకా ఆగు" అంది.

నెలకోసారి ఆ చీటీలన్నీ పోగుచేసి కట్టలు కట్టి ఇనప బీరువాలో పడేసేది మడతక్కే. ఇరవై రెండేళ్ళలో కట్టడమే గానీ విప్పింది లేదు. ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవకుండా బీరువా తెరిచింది. పాత కట్టలన్నీ బల్ల మీద పరిచింది. పొడుగమ్మాయి కంటే ముందు కొత్తగా చేరినది ఉంగరాల జుట్టు పిల్ల. ఇప్పుడు బల్లల దగ్గర మంచి పనిమంతురాలు. ఆమె పేరు మీద మొదట్లో గుట్టలుగా చీటీలున్నాయి, మూలలు కలవలేదని. పొడుగమ్మాయి చేరిన మర్నాటి నుంచి ఒక్కటీ లేదు. అంతకుముందు చేరిన ఆమెదీ అదే వరస, ఆ ముందామెదీ అంతే. పదకొండేళ్ళలో తొమ్మిది మంది. అందులో నలుగురు పరీక్షాకాలం పూర్తికాకుండానే పని మానేసి వెళ్ళిపోయారు. ఎందుకు మానేశారని అప్పట్లో ఎవరూ పెద్దగా అడగలేదు. ఆడపిల్లలకు ఇంటి ఇబ్బందులు ఉండవా అనుకున్నారు.

ఆ తొమ్మిది మందికీ గడ్డం కింద మూల ఇరికించుకోవడం నేర్పింది తనే.

మడతక్క దుప్పట్ల గుట్ట మీద కూలబడిపోయింది. పొడుగమ్మాయి కంగారుగా నీళ్ళు తెచ్చింది. ఆవిడ తాగలేదు.

"నేను నీకు సాయం చేశాననుకున్నానే అమ్మాయ్. వాడికి చేశాను" అంది. "వాడు వచ్చేసరికే నేను ఇక్కడ పదకొండేళ్ళ పాతదాన్ని. నా జోలికి ఎప్పుడూ రాలేదు. నా దాకా రాలేదు కాబట్టి నాకు అది చిట్కాతో పోయే చిన్న జబ్బులా కనబడింది. నేను నేర్పిన మడతే నీ మీద నేరం అయి కూర్చుంది."

పొడుగమ్మాయికి ఆవిడ మీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది. తనకు ఇల్లు చాలునని, ఈ గొడవ తన వల్ల కాదని చెప్పింది.

"ఇల్లు చాలనుకుంటే హాయిగా వెళ్ళు, ఎవరూ ఆపరు. వాడు తరిమాడని మాత్రం వెళ్ళకు. తప్పు వాడు చేస్తే తట్టాబుట్టా నువ్వెందుకు సర్దుకోవాలి?"

పొడుగమ్మాయి కళ్ళు తుడుచుకుని, ఎవరికి చెప్పుకోవాలని అడిగింది. ఆఫీసు గది గోడకు, పాత క్యాలెండరు వెనక, మహిళల ఫిర్యాదుల కమిటీ అని ఒక కాగితం అతికించి ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని చదివినవాళ్ళు లేరు. మడతక్క క్యాలెండరు ఎత్తిపట్టుకుంటే పొడుగమ్మాయి నిలబడి మొత్తం చదివింది. రాతపూర్వకంగా ఇవ్వాలని ఉంది. మీరు రాసిపెట్టండి అక్కా అని అడిగింది.

మడతక్క ఒప్పుకోలేదు. పక్కన కూర్చుంటానంది గానీ రాయనంది. మాట ఎవరిదైతే రాత కూడా వాళ్ళదే కావాలట. ఏ రోజు, ఏ పూట, ఏ లోడు, ఏం చేశాడు, ఏం అన్నాడు, ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని రాయమంది. అతనన్న ఒక మాట దగ్గర పొడుగమ్మాయి కలం ఆగిపోయింది. రాయడానికి సిగ్గేస్తోందంది.

"అన్నవాడు సిగ్గుపడాలి. నువ్వు రాయి" అంది మడతక్క.

మూడు పేజీలయింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి భర్తకు కాగితాలు చూపించింది. అతను చదివి, మానేయమని అన్నందుకు మన్నించమని అడిగాడు. కమిటీ పిలిచిన రోజు డిపోలో సెలవు పెట్టి బయట కూర్చుంటానన్నాడు. లోపలికి వచ్చి గొడవ చేయనని కూడా తనంతట తనే మాటిచ్చాడు. అంత కోపిష్టి అలా మాటివ్వడమే పెద్ద సంగతి.

ఫిర్యాదు పైకి వెళ్ళిన గంటలోనే కిందంతా పొక్కింది. ఇక్కడ నేను దాపరికం లేకుండా చెప్పాలి. కష్టమొచ్చిన మనిషి చుట్టూ జనం చేరతారని కథల్లో రాస్తుంటాం. అలా జరగలేదు. పొడుగమ్మాయితో జతగా నిలబడటానికి ఎవరూ ముందుకు రాలేదు. టీ తెప్పించే మంచి మనిషి మీద నింద వేసిందని కొందరు, కుటుంబం ఉన్నదానివి ఎందుకొచ్చిన రచ్చ అని కొందరు. మడతక్కను బల్లల దగ్గర నుంచి తీసేసి, ఆసుపత్రి నుంచి వచ్చే మురికి బట్టలు వేరుచేసే చోట వేశారు. ఇరవై రెండేళ్ళ నేర్పున్న చేతులకు రబ్బరు తొడుగులు తొడుక్కుని, ఆవిడ నెత్తురు మరకల దుప్పట్లు ఏరుతూ, తెలిసిన తిట్లన్నీ వరసగా తిట్టింది. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని మాత్రం పొడుగమ్మాయికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఉంగరాల జుట్టు పిల్ల దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఆమె చేతిలో పని ఆపకుండానే తల అడ్డంగా ఊపింది.

"నా వంతు అయిపోయిందక్కా. మళ్ళీ నన్ను అందులోకి లాగొద్దు" అంది.

వంతు. మురికి బట్టలు ఏరుతూ మడతక్క ఆరోజంతా ఆ మాటనే తలచుకుంది.

కమిటీ ముగ్గురు. మేనేజరు గారు, బయటి నుంచి వచ్చిన ఒక లాయరమ్మ, పనివాళ్ళ తరఫున రోలరు యంత్రం నడిపే ఆయన. ఆఫీసు గదిలో బల్లకు ఒకవైపు వాళ్ళు, రెండోవైపు సూపర్‌వైజరు, ఇవతల పొడుగమ్మాయి, ఆమె పక్కన మడతక్క. పొడుగమ్మాయి రాసింది లాయరమ్మ ఆమె చేతే గట్టిగా చదివించింది. చదువుతూ పొడుగమ్మాయి మధ్యమధ్య తడబడింది. మడతక్క బల్ల కింద ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది.

సూపర్‌వైజరు చాలా నెమ్మదిగా మాట్లాడాడు. పని నేర్చుకోలేక ఈ దారి పట్టిందన్నాడు, సాక్ష్యంగా పదిహేడు చీటీలూ బల్ల మీద పెట్టాడు. చివర్లో తన పాత మాటే చెప్పాడు. ఇది దుప్పట్ల పని, ఎదురెదురుగా నిలబడి చేయాల్సిన పని, చేతులు తగలకుండా ఎవరివల్లా కాదన్నాడు. మేనేజరు గారు తల ఊపారు. ఆయనకు అందులో తప్పేమీ కనబడలేదు. పొడుగమ్మాయి వైపు జాలిగా చూసి, ఒకోసారి అపార్థాలు జరుగుతుంటాయమ్మా అన్నారు.

ఆ క్షణంలో ఆమె లేచి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు. ఆమె లేచింది, కానీ వెళ్ళలేదు. ఒక పెద్ద దుప్పటి తెప్పించమని అడిగింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. తెచ్చారు. ఆమె ఒక అంచు మడతక్క చేతికిచ్చి, తాను వెనక్కి నడిచింది. ఇద్దరూ దులిపారు. మూలకు మూల కలిపారు. ఎదురుగా నడిచి వచ్చారు. పొడుగమ్మాయి చేతిలోని మూలలు మడతక్క చేతిలోకి మారాయి. కళ్ళు ఆర్పేలోగా ఆమె చేతులు కింది మడతను అందుకోవడానికి వెళ్ళిపోయాయి. మళ్ళీ ఒకసారి అలాగే, ఇంకోసారి అలాగే. దుప్పటి పలకలా మడతపడి బల్ల మీదికి వచ్చింది. మూలలు నాలుగూ అతికినట్టు కలిశాయి.

"ఇదీ సార్ మా పని" అంది పొడుగమ్మాయి మేనేజరు గారితో. ఈసారి ఆమె ఎక్కడా తడబడలేదు. "చేతులు తగుల్తాయి, నిజమే. తగిలి వెళ్ళిపోతాయి. ఇందులో ఎదుటిమనిషి మణికట్టు పట్టుకుని ఆగాల్సిన చోటు ఎక్కడుందో ఆయన్ని చూపించమనండి."

రోలరు యంత్రం ఆయన, పాతికేళ్ళుగా రోజూ ఆ మడత చూస్తున్నవాడు, సూపర్‌వైజరు కళ్ళలోకి సూటిగా చూశాడు. సూపర్‌వైజరు కళ్ళు దించుకున్నాడు.

అప్పుడు మడతక్క పాత చీటీల కట్టలు తీసి లాయరమ్మ ముందు పెట్టింది. తొమ్మిది పేర్లు, అందరి మీదా ఒకే తప్పు, ఇంకో కొత్త మనిషి రాగానే ఆ తప్పు మాయమైపోవడం. లాయరమ్మ తేదీలు వేలితో చూసుకుంటూ చాలాసేపు చదివి, ఇది మీకు ఎప్పటి నుంచి తెలుసునని అడిగింది.

"పదకొండేళ్ళ నుంచి తెలుసమ్మా" అంది మడతక్క. "నా మీద కూడా రాసుకోండి. పిల్లలకు తప్పించుకోవడం నేర్పాను గానీ, ఆయన్ని ఆపమని ఒక్కసారి కూడా ఈ మెట్లెక్కలేదు. ఉద్యోగం పోతుందని భయం. పైగా నేను మంచిదాన్నని నాకు నమ్మకం."

ఆవిడ మాట పూర్తవుతుండగా తలుపు దగ్గర అలికిడి అయింది. ఉంగరాల జుట్టు పిల్ల నిలబడి ఉంది. చేతిలో ఇంకా మడవని తువ్వాలు ఒకటి అలాగే పట్టుకుని వచ్చేసింది. లోపలికి రావచ్చా అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే వచ్చి మడతక్క పక్కన నిలబడింది. తాను కూడా చెప్పాలనుకుంటున్నానంది. కిందకు కబురు వెళ్ళాక ఆ తొమ్మిది మందిలో ఇంకో ఇద్దరు వచ్చారు. మిగతావాళ్ళు రాలేదు. పొడుగమ్మాయితో కలిపి ఆ నలుగురి మాటే సరిపోయింది.

విచారణ రెండు వారాలు నడిచింది. అది పూర్తయ్యేదాకా సూపర్‌వైజరును హాల్లోకి రానివ్వలేదు, పూర్తయ్యాక ఉద్యోగంలోంచి తీసేశారు. చీటీలన్నీ రద్దు చేశారు. మేనేజరు గారు స్వయంగా పొడుగమ్మాయిని పిలిచి, ఆరోజు అపార్థం అన్నందుకు క్షమాపణ చెప్పి, పర్మనెంటు కాగితం చేతికిచ్చారు. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని, గేటు బయట నిలబడ్డ భర్త చేతిలో పెట్టింది. శాంపిల్ గది మూతపడింది. ఇప్పుడు శాంపిళ్ళు హాలు మధ్యలో, అందరి ఎదుటా బల్ల మీదే చూస్తారు. మడతక్క కూడా తన బల్ల దగ్గరికి తిరిగి వచ్చింది.

ఆరోజు టీ వేళ ఆడవాళ్ళందరూ ఆవిడ చుట్టూ చేరారు. నిన్నమొన్నటిదాకా మొహం తిప్పుకున్నవాళ్ళే ఇప్పుడు చెయ్యి పట్టుకుని, నువ్వు లేకపోతే ఆ పిల్ల ఏమైపోయేదో అక్కా అని పొగిడారు. జనం అంతే, వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. మడతక్క మాత్రం ఆ పొగడ్తలకు మెత్తబడలేదు. గ్లాసు పక్కన పెట్టి లేచింది. యంత్రాలు ఆగి ఉండటంతో ఆవిడ గొంతు హాలు చివరిదాకా వినిపించింది.

"నన్ను పొగడకండర్రా. పని మానేసి వెళ్ళిన ఆ నలుగురు ఎక్కడున్నారో, ఏం చేసుకు బతుకుతున్నారో నాకు తెలీదు. వాళ్ళకి కూడా నేను ప్రేమగానే ఒళ్ళు నిమిరాను, ఓర్చుకోమని చెప్పాను. ఇప్పుడు జరిగిందంతా ఈ పొడుగుది ధైర్యం చేసి అడిగితే జరిగింది. నేను చేసిందల్లా పక్కన కూర్చోవడం. ఆ కూర్చునే పని పదకొండేళ్ళ కిందటే చేసి ఉంటే తొమ్మిది మంది బాధపడేవాళ్ళు కాదు. రేపు మన దగ్గరికి ఇంకో కొత్త పిల్ల వస్తుంది. ఆమెకి కష్టమొస్తే ఎలా తప్పించుకోవాలో నేర్పి పంపించేయకండి. కష్టంలో ఉన్న మనిషిని ఓర్చుకోమనడం సాయం కాదు. ఆ మనిషి నోరు విప్పిన రోజున పక్కన నిలబడటమే సాయం."